దాగుడుమూతల్లో మధ్య ఫోటో

కూనవారి మెరకలో పిల్లలకు ఆడుకోవడం వచ్చునని ప్రభుత్వానికి తెలియదు. తెలిసే దారీ లేదు. ఆ ఊరి అంగన్‌వాడీ కేంద్రం నుంచి ఇరవై రెండేళ్లుగా పైకి వెళ్లిన కాగితాల్లో గుడ్లున్నాయి, పాలున్నాయి, పిల్లల బరువులున్నాయి, టీకాలున్నాయి గానీ ఆట అన్న మాట ఒక్కచోటా లేదు. కాగితం మీద లేనిది లోకంలో లేనట్టే. అందుకని మూడేళ్లు నిండి ఐదేళ్లు దాటని పిల్లలందరికీ ఒక్క వారంలో ఆట నేర్పి తీరాలని పైవాళ్లు నిశ్చయించారు.

ఆ నిశ్చయానికి ‘క్రీడాధారిత అభ్యసన వారోత్సవం’ అని పేరు పెట్టి, పద్నాలుగు పేజీల ఉత్తర్వు పంపారు. టీచరు మంగతాయారు దాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది గానీ, తనకు అర్థమైనదే అందులో ఉందా అని అనుమానం వచ్చింది.

మంగతాయారుకు నలభై ఏడేళ్లు. ఆ ఊళ్లో ఇప్పుడు మీసాలు దువ్వుకుంటున్న కుర్రాళ్లందరి ముక్కులూ ఒకప్పుడు తుడిచిన మనిషి. ఉత్తర్వంటే ఆవిడకు భయమూ లేదు, భక్తీ లేదు. వానొస్తే గొడుగు తీసినట్టు, ఉత్తర్వొస్తే రిజిస్టరు తీస్తుంది. అయితే ఈ ఉత్తర్వు చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. ‘వారోత్సవము ముగియునాటికి నమోదిత చిన్నారుల సంఖ్య పన్నెండుకు తగ్గిన కేంద్రములు సమీప కేంద్రమునందు విలీనము చేయబడును.’

మంగతాయారు దగ్గర ఉన్నది సరిగ్గా పన్నెండు మంది. సమీప కేంద్రం కాలవకు అవతల ఉంది. కాలవ మీద వంతెన అని చెప్పుకునేవి రెండు తాటి దుంగలు. వాటిమీద పెద్దవాళ్లే చెప్పులు చేతబట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటూ దాటుతారు. పిల్లల తల్లులేమో ఎనిమిది కొట్టేసరికి కొబ్బరి పీచు మిల్లులో ఉండాలి. మూడేళ్ల పిల్లను చెయ్యి పట్టి దాటించే తీరిక ఎవరికీ లేదు. కేంద్రం పోతే ఆ పన్నెండు మందీ పొద్దస్తమానం కాలవ గట్టున తిరుగుతారు. ఆ వాక్యం చదివినప్పుడు మంగతాయారుకు కళ్ల ముందు కనపడింది అదే. ఏం చెప్తే అది చేసి, ఈ వారం గట్టెక్కాలి అనుకుంది.

చెయ్యాల్సింది ఒక విధంగా తేలికే. రోజుకో ఆట. ప్రతి ఆటకూ మూడు ఫోటోలు. పదింటికి ఆరంభం ఫోటో, పదకొండింటికి మధ్య ఫోటో, పదకొండున్నరకు ముగింపు ఫోటో. ఫోటోలు ‘కిలకిల’ అనే యాప్‌లో పెట్టాలి. ప్రతి ఫోటోలోనూ పన్నెండు మొహాలూ కళ్లు తెరుచుకుని కనపడాలి. ఏ మొహం కనపడకపోతే ఆ పిల్ల ఆటలో లేనట్టు యాప్ తనంతట తనే రాసుకుంటుంది.

సోమవారం ఇసుక ఆట. ఇసుక పరిశుభ్రమైనదై ఉండవలెనని రాశారు గనక, ఆయా పల్లాలమ్మ బియ్యం కడిగినట్టు మూడు నీళ్లు పోసి ఇసుక కడిగి, చాప మీద ఆరబెట్టింది. పిల్లలు చూడగానే దాంట్లోకి దూకారు. అప్పుడు తెలిసింది చిక్కు. ఇసుకలో ఆడే పిల్ల ఇసుకకేసి చూస్తుంది. యాప్ ఒక్క మొహాన్ని కూడా గుర్తుపట్టలేదు, పన్నెండు నడినెత్తులు మాత్రం చూసింది. దాంతో మంగతాయారు పిల్లల్ని వరసగా నిలబెట్టి, తలా ఒక గుప్పెడు ఇసుక ఇచ్చి, తలెత్తి చూడమంది. కోర్టులో ప్రమాణం చేసే సాక్షుల్లా నిలబడ్డారు. ఫోటో వెంటనే పాసయింది.

మంగళవారం నీటి ఆట. దానికి సోమవారం రాత్రే ఒక అనుబంధం వచ్చింది. సీజనల్ వ్యాధుల దృష్ట్యా నీటి ఆటయందు చిన్నారులు తడవకుండ తగు జాగ్రత్తలు తీసుకొనవలెను అని. పల్లాలమ్మ పెద్ద టబ్బు నిండా నీళ్లు నింపి మధ్యలో పెట్టింది. పిల్లలు బారెడు దూరంలో చుట్టూ కూర్చుని టబ్బును చూశారు. చాలాసేపు చూశారు. అభిరామ్ అనే నాలుగేళ్ల బుడతడికి చివరికి అనుమానం వచ్చింది.

“టీచర్, నీళ్లు ఎప్పుడు ఆడతాయి?”

“ఆడతాయి నాన్నా. ఫోటో అయ్యాక.”

ఫోటో అయ్యాక ఆట సమయం కూడా అయిపోయింది. పల్లాలమ్మ ఆ నీళ్లు తోటకూర మడిలో పారబోసింది.

బుధవారం గుజ్జనగూళ్లు. కొబ్బరి చిప్పల్లో ఉత్తుత్తి అన్నం వండి, ఉత్తుత్తి పప్పు వడ్డించుకునే ఆట. ఆ పూట సెక్టారు సూపర్‌వైజరు హైమావతి వచ్చింది. ఆవిడ కింద ఇరవై ఏడు కేంద్రాలున్నాయి. చెడ్డ మనిషి కాదు. ఇరవై ఏడు కేంద్రాలు చూసీ చూసీ, ఇంట్లో మాట్లాడాల్సిన భాష మర్చిపోయింది, అంతే. చిప్పల్లో ఏమీ లేకపోవడం చూసి కూడా ఆవిడ రిజిస్టరు అడిగింది.

“కేంద్రంలో ఏ పదార్థం వండినా, చిన్నారులకు వడ్డించడానికి అరగంట ముందు టీచరు రుచి చూసి నమోదు చెయ్యాలి గదా. చేశారా?”

“ఇది ఉత్తుత్తి అన్నమండి, మేడమ్ గారూ.”

“ఉత్తుత్తి అన్నానికి మినహాయింపు ఉన్నట్టు ఎక్కడైనా రాసుందా?”

రాసి లేదు. మంగతాయారు అభిరామ్ చేతిలోంచి ఖాళీ చిప్ప తీసుకుని, వేళ్లతో కలిపి, నోట్లో పెట్టుకుని, గుటక వేసి, రిజిస్టరులో ‘రుచి చూడబడినది. బాగున్నది’ అని రాసి సంతకం పెట్టింది. పక్క నుంచి పల్లాలమ్మ మెల్లిగా, “ఉప్పు తగ్గిందని రాయండి టీచరుగారూ. అన్నీ బాగుంటే అనుమానపడతారు” అంది.

అరగంట ఆగాలి గనక పిల్లలు ఆ అన్నం చల్లారేదాకా కూర్చున్నారు. లోహిత అనే పిల్ల ఒక్కతే తన చిప్ప తీసుకుని లేచిపోయి, గోడ వార ఉన్న చీమలకు వడ్డించింది. లోహితకు నాలుగున్నరేళ్లు. పిడికెడు ప్రాణం. తల్లి మిల్లుకు పోతుంది, నాయనమ్మ వెంకాయమ్మ దించి తీసుకుపోతుంది. ఎక్కువ మాట్లాడదు. తనకు తెలిసిన సంగతి మీద మాత్రం ఎవరు చెప్పినా వినదు.

గురువారం ఆట దాగుడుమూతలు. అది తలుచుకుంటే మంగతాయారుకు ముందునించీ గుబులుగానే ఉంది. హైమావతి చెప్పులేసుకుంటుండగా అడిగేసింది.

“రేపు మధ్య ఫోటో ఎలాగండీ? ఆట మధ్యలో పిల్లలు దాక్కుని ఉంటారు గదండీ?”

“దాక్కోనివ్వండి. వద్దని ఎవరన్నారు? కాకపోతే కనపడేలా దాక్కోవాలి.”

“కనపడేలా దాక్కోవడం అంటేనండీ?”

“మీరు ఆటని పాత పద్ధతిలో చూస్తున్నారమ్మా. మార్గదర్శకాల్లో పదకొండో పేజీ చూడండి. పారదర్శక దాగుడుమూతలు అని స్పష్టంగా ఉంది. దాగుట అనే భావన చిన్నారిలో కలిగితే చాలు. శరీరం దాగనక్కర్లేదు.”

మంగతాయారు పదకొండో పేజీ చూసింది. నిజంగానే ఉంది. ఇంకొకటి కూడా ఉంది. ఎవరైనా పిల్ల మధ్య ఫోటోలో కనపడకపోతే, ఆ పిల్లను దాగిన చోటనే కనుగొన్నట్టు విడిగా ఒక ఫోటో జతచెయ్యాలి. అది జతచేస్తే గానీ ముగింపు ఫోటో తీసుకోరు.

గురువారం పొద్దున పల్లాలమ్మ చీపురు విప్పి, పిల్లలకు తలా ఒక పుల్ల ఇచ్చింది. పుల్ల మొహానికి అడ్డం పెట్టుకుంటే దాక్కున్నట్టు. ఆ వైపు దాగుడుమూతల్లో ఒకరు తల్లిగా కూర్చుంటారు. తల్లి దొంగ కళ్లు మూస్తుంది. మిగతావాళ్లు దాక్కుంటారు. దొంగ వెతుక్కుంటూ పోయినప్పుడు, వాడికి దొరక్కుండా వచ్చి తల్లిని ముట్టుకున్నవాళ్లు గెలిచినట్టు. మంగతాయారు చేతిలో ఫోనుంది గనక పల్లాలమ్మ తల్లిగా కూర్చుంది. అభిరామ్ దొంగ. దొంగ కళ్లు కూడా ఫోటోలో తెరిచి ఉండాలి గనక పల్లాలమ్మ వాడి కళ్లకు బదులు చెవులు మూసింది.

పదకొండు కొట్టింది. పిల్లలు పుల్లలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. దొంగ వరస చివర్నే నిలబడి అందర్నీ చూస్తున్నాడు. మంగతాయారు లెక్కపెట్టింది. పదకొండు. మళ్లీ లెక్కపెట్టింది. పదకొండే. నేల మీద ఒక పుల్ల పడి ఉంది.

లోహిత దాక్కుంది.

మంగతాయారు పిలిచింది. గదిలో చూసింది, పెరట్లో చూసింది. దాక్కున్న పిల్ల పిలిస్తే పలుకుతుందా? పలికితే అది ఆటేనా? మధ్య ఫోటోకు ఇచ్చిన గడువు ఐదు నిమిషాలు. గడువు చివరి క్షణంలో పదకొండు మొహాలతో ఫోటో వెళ్లిపోయింది. ‘లోహిత: ఆటలో లేరు’ అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మరో నిమిషానికి బియ్యం డ్రమ్ము వెనకనించి ఒంటినిండా సాలెగూడు చుట్టుకుని లోహిత పరుగెత్తుకొచ్చి పల్లాలమ్మ మోకాలు ముట్టుకుంది.

“అమ్మని ముట్టేశా” అంది.

ఆ వారం మొత్తంలో ఆట ఆడినది ఆ పిల్ల ఒక్కతే. ఆటలో లేదని రాసిందీ ఆ పిల్ల గురించే.

మంగతాయారు ముగింపు ఫోటో తీసింది. పన్నెండు మొహాలూ ఉన్నాయి. యాప్ ఒప్పుకోలేదు. మధ్యలో లేని చిన్నారి చివర ఉండజాలదని, ముందు దాగిన చోట కనుగొన్న ఫోటో పెట్టమని అడిగింది. ఆ ఆట మూసేదాకా శుక్రవారం ఆట తెరుచుకోదని కూడా చెప్పింది. ఫోనులో హైమావతి అంతకన్నా వివరంగా చెప్పింది.

“మూడు రోజుల్లో ఆ ఫోటో పడకపోతే పాప పేరు జాబితాలోంచి దానంతటదే పోద్దమ్మా. నా చేతుల్లో ఏమీ లేదు.”

“పేరు పోతే పదకొండు మందవుతారండి.”

“అవునమ్మా.”

“పిల్ల నా ఎదురుగుండా గుడ్డు తింటందండి.”

“తిననివ్వండి. మూడు రోజులు తినొచ్చు.”

మంగతాయారుకు ఏడుపొచ్చింది. లోహిత మీద కోపం కూడా వచ్చింది. ఆ పిల్ల గుడ్డులో పచ్చసొన విడిగా తీసి దాచుకుని ఆఖర్న తింటుంటే చూసి, కోపం ఎవరి మీద పడాలో తెలియక పోయింది.

శుక్రవారం పదిన్నరకు ప్రాజెక్టు అధికారి అనసూయాదేవి జీపులో వచ్చింది. వెంట హైమావతి. కాలవ అవతలి కేంద్రం నుంచి ఇక్కడికి రావడానికి వాళ్ల జీపు ఏడు కిలోమీటర్లు చుట్టూ తిరిగింది. విలీనం కాగితంలో ఆ దూరం నూట యాభై మీటర్లని ఉంది. డ్రైవరు జీపును కేంద్రం ముందు ఆపి, తలుపు తీసి ఉంచి, కొబ్బరి బొండాం కోసం పోయాడు.

అనసూయాదేవి కుర్చీలో కూర్చుని కళ్లజోడు సర్దుకుంది.

“అనుపస్థిత చిన్నారి విషయమై క్షేత్రస్థాయి విచారణకు వచ్చాం. ఎవరా చిన్నారి?”

“ఈ పిల్లేనండి.” మంగతాయారు లోహితను ముందుకు తెచ్చింది.

అధికారి ఫోను చూసింది, పిల్లను చూసింది. “ఈ అమ్మాయి ఇక్కడుంది కదా.”

“ఉందండి.”

“ఉండటం వేరు, నమోదు కావడం వేరు. మధ్యలో లేదు. మధ్యలో లేకుండా ఇప్పుడెలా ఉంది? ఎవరు కనుగొన్నారు?”

“ఎవరూ కనుక్కోలేదండి. అదే వచ్చేసింది.”

“చిన్నారి స్వయంగా హాజరు కావడానికి మార్గదర్శకాల్లో వీలు లేదు.” అనసూయాదేవి కాసేపు ఆలోచించింది. ఆవిడకు ఈ కేంద్రం మీద పగేమీ లేదు. దారి ఉంటే చూపించాలనే వచ్చింది. కాకపోతే ఆవిడకు తెలిసిన దారులన్నీ కాగితం మీదనించే వెళ్తాయి. “సరే. నిన్నటి ఆటను పునర్నిర్మిద్దాం. పాప అదే చోట దాక్కుంటుంది. మనం వెళ్లి కనుగొంటాం. ఫోటో జతచేద్దాం. ఐదు నిమిషాల పని.”

మంగతాయారుకు ప్రాణం లేచొచ్చింది. లోహిత ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“తల్లీ, నిన్న దాక్కున్నావే డ్రమ్ము వెనకాల, అక్కడే ఇంకోసారి దాక్కుంటావా?”

“అక్కడ దాక్కుంటే అందరికీ తెలిసిపోద్ది గదా” అంది లోహిత.

“తెలియాలనే అమ్మా” అంది అధికారి.

లోహిత ఆవిడను జాలిగా చూసింది. ఇంత పెద్దావిడకు ఈ మాత్రం తెలియదా అన్నట్టుంది ఆ చూపు. హైమావతి తన సంచిలోంచి ఒక చాక్లెట్ తీసి ఇచ్చింది. లోహిత చాక్లెట్ తీసుకుని తలూపింది. తలూపింది దేనికని ఎవరూ అడగలేదు.

నియమం నియమమే గనక అందరూ కళ్లు మూసుకున్నారు. అనసూయాదేవి, హైమావతి, పల్లాలమ్మ, మంగతాయారు, పదకొండు మంది పిల్లలు. అధికారి ఇరవై దాకా లెక్కపెట్టింది. తర్వాత అందరూ ఊరేగింపుగా బియ్యం డ్రమ్ము దగ్గరికి నడిచారు. హైమావతి ఫోను పైకెత్తి పట్టుకుంది. పల్లాలమ్మ డ్రమ్ము జరిపింది.

డ్రమ్ము వెనక చాక్లెట్ కాగితం ఉంది.

మొదటి పది నిమిషాలు నవ్వుకుంటూ వెతికారు. వంటగదిలో చూశారు, బీరువా వెనక చూశారు, చాపల చుట్టలో చూశారు, మరుగుదొడ్డిలో చూశారు. “లోహితా, అయిపోయింది, రా అమ్మా” అని పిలిచారు. ఇంకో పది నిమిషాలకు నవ్వులు పోయాయి. పల్లాలమ్మ పెరట్లో కట్టెలమోపు మొత్తం తిరగేసింది. అనసూయాదేవి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బల్లల కింద చూస్తోంది. మంగతాయారు దడి దాకా వెళ్లి ఆగిపోయింది. దడిలో ఒక సందుంది. పిల్ల పట్టేంత సందు. అటువైపు ముప్పై అడుగుల్లో కాలవ.

మంగతాయారు పరుగెత్తింది. గట్టు మీద నిలబడి నీళ్లకేసి చూసింది. గుర్రపుడెక్క నిండా పరుచుకుని నీళ్లు కనపడటం లేదు. అది ఎక్కడైనా చెదిరిందేమోనని ఈ చివరనించి ఆ చివరకు చూసింది. చెదరలేదు. అయినా నమ్మకం కుదరలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్క పిల్లకు కూడా మోకాలు చెక్కుకుపోవడం మించి ఏమీ కాలేదు. ఒక్క ఫోటో కోసం, ఆ పిల్లను దాక్కోమని తనే కదా చెప్పింది.

తిరిగొచ్చేసరికి లోపల అనసూయాదేవీ హైమావతీ వాదించుకుంటున్నారు. చిన్నారి తప్పిపోయినట్టు రాయాలా, దాగినట్టు రాయాలా అని. తప్పిపోయినట్టు రాస్తే పోలీసులకు చెప్పాలి. దాగినట్టు రాస్తే ఆట జరుగుతున్నట్టు లెక్క. పల్లాలమ్మ మధ్యలో కల్పించుకుని జీపులో కూడా చూద్దామంది.

“అది ప్రభుత్వ వాహనం” అంది అనసూయాదేవి. “లాగ్‌బుక్‌లో పేరు రాయకుండా అందులోకి ఎవరూ ఎక్కరు.”

అంతలో వెంకాయమ్మ వచ్చింది మనవరాలి కోసం. సంగతి విని, గుండెలు బాదుకోలేదు, ఎవర్నీ తిట్టలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని అందర్నీ ఒకసారి చూసింది.

“ఇంతమంది దొంగలు ఊరంతా తిరుగుతుంటే అదెందుకొత్తదమ్మా బయటికి? తల్లి ఎవరు? తల్లి ఏదీ?”

మంగతాయారు గుమ్మం మెట్టు మీద కూలబడినట్టు కూర్చుంది.

“అందరూ అటు గోడకేసి తిరగండి” అంది. “మేడమ్ గారూ, మీరు కూడానండి. కళ్లు మూసుకోండి. మాట్లాడకండి.”

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో మంగతాయారు తన పైఅధికారికి ఇచ్చిన మొదటి ఉత్తర్వు అది. ప్రాజెక్టు అధికారి, సూపర్‌వైజరు, ఆయా, వెంకాయమ్మ, పదకొండు మంది పిల్లలు గోడకేసి తిరిగి కళ్లు మూసుకున్నారు. ఎక్కడో కొబ్బరి మట్ట రాలిన చప్పుడైంది. మంగతాయారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దేవుడికి ఏదో మొక్కుకుందామనుకుంది, ఏం మొక్కాలో తోచలేదు.

జీపు వెనక సీటు కింద నించి ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు దిగాయి. లోహిత గోడ వైపు ఓరగా చూసుకుంటూ, పిల్లిలా అడుగులేసుకుంటూ వచ్చి మంగతాయారు భుజం ముట్టుకుంది.

“అమ్మని ముట్టేశా.”

మంగతాయారు ఆ పిల్లను దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. రెండు దెబ్బలు వెయ్యాలని చెయ్యి ఎత్తి, ఆ చేత్తోనే తల నిమిరింది. ఏడ్చింది కూడా. అధికారి ముందు ఏడవకూడదన్న సంగతి ఆవిడకు గుర్తు రాలేదు.

తర్వాత విచారణ నివేదిక రాయడం మొదలైంది. అనసూయాదేవి కలం తీసింది.

“చిన్నారిని ఎక్కడ కనుగొన్నాం?”

“జీపులోనండి” అంది పల్లాలమ్మ.

అధికారి కలం ఆగింది. జీపులో కనుగొన్నట్టు రాస్తే ఫోటో జీపులోదే పెట్టాలి. పెడితే నాలుగున్నరేళ్ల పిల్ల అనుమతి లేకుండా ప్రభుత్వ వాహనంలో నలభై నిమిషాలు ఎలా ఉంది, లాగ్‌బుక్‌లో ఎందుకు లేదు, డ్రైవరు ఎక్కడున్నాడు అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది మంగతాయారు కాదు.

“డ్రమ్ము వెనకాలే దొరికినట్టు ఇప్పుడొక ఫోటో తీసేద్దామా మేడమ్?” అని హైమావతి మెల్లిగా అంది. “పాపా, ఒక్కసారి వచ్చి అక్కడ నిలబడమ్మా. దొరికినట్టు.”

“నేను దొరకలేదు” అంది లోహిత.

“ఊరికేనమ్మా. ఫోటో కోసం.”

“నేను దొరకలేదు. అమ్మని ముట్టేశా.”

ఆ పిల్ల మంగతాయారు చీర చెంగు రెండు పిడికిళ్లతో పట్టుకుంది. హైమావతి ఇంకో చాక్లెట్ తీసింది. లోహిత దాన్ని కూడా తీసుకుంది గానీ చెంగు వదల్లేదు. అనసూయాదేవి మంగతాయారుకేసి చూసింది.

“మీరు చెప్పండి టీచర్. మీ కేంద్రం కోసమే కదా.”

మంగతాయారు ఇందాకటి దాకా చెప్పమన్నది చెప్పింది, తినమన్నది తిన్నది. డ్రమ్ము పక్కన పిల్లను నిలబెట్టడం పెద్ద పనేమీ కాదు. ఎత్తుకెళ్లి నిలబెడితే అయిపోతుంది. కేంద్రం ఉంటుంది.

“అది దొరకలేదండి” అంది. “మనమే వెతకలేకపోయాం. దొరికిందని చెప్తే రేపణ్ణించి ఆ పిల్ల నా మాట నమ్మదండి.”

హైమావతి నిట్టూర్చి, ఉత్తర్వు తీసి పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. దారి దొరుకుతుందని కాదు, చేతులు ఊరికే ఉండలేక. పన్నెండో పేజీ దగ్గర ఆవిడ వేలు ఆగింది. ‘ఏదేని కేంద్రమునందు క్రీడ కొనసాగుచున్నచో, అట్టి క్రీడ ముగియువరకు సదరు కేంద్రముపై ఎట్టి చర్యయు తీసుకొనరాదు.’

అనసూయాదేవి ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. జాబితాలోంచి పేరు తీసెయ్యడమూ చర్యే, విలీనమూ చర్యే. తర్వాత కలం చకచకా కదిలింది. ‘విచారణ నిర్వహించడమైనది. చిన్నారి లోహిత ఇంకను దొరకలేదు. క్రీడ కొనసాగుచున్నది.’ కింద సంతకం పెట్టి, ముద్ర వేసి, లోహితకు టాటా చెప్పి జీపెక్కింది. ఎక్కేముందు వెనక సీటు కింద వంగి చూసింది.

కూనవారి మెరక కేంద్రంలో ఆ ఆట ఇప్పటికీ నడుస్తోంది. గురువారం ఆట మూయకపోతే శుక్రవారం ఆట తెరుచుకోదు. శుక్రవారం తెరుచుకోకపోతే తర్వాతవేవీ తెరుచుకోవు. ఆరంభం ఫోటో, మధ్య ఫోటో అయిపోయాయి, ముగింపు ఫోటోకు సమయం రాలేదు. మంగతాయారు ఫోను గూట్లో పెట్టేసింది. రోజూ పది నించి పదకొండున్నర దాకా పిల్లలు ఇసుకలోకి తలలు వంచి కూర్చుంటున్నారు. నీళ్లలో తడిసి ముద్దవుతున్నారు. పల్లాలమ్మ లాగూలు పిండలేక చస్తున్నానని అంటూనే టబ్బు నింపుతోంది. లోహిత తన గుడ్డు తాను తింటోంది. రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఎదురుగా రోజూ ‘దాగి ఉన్నది’ అని రాస్తారు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం హైమావతి ఫోను చేసింది. గొంతులో ఉత్తర్వుల భాష లేదు.

“మంగతాయారూ, నా సెక్టారులో ఇంకో తొమ్మిది కేంద్రాలు పోయేలా ఉన్నాయమ్మా. పన్నెండుకు తక్కువ. పదో పదకొండో ఉన్నారు. వారోత్సవం ముగింపు గడువు నెలాఖరు దాకా పెంచారు గదా, ఈలోగా ఎక్కడైనా ఒక్క పిల్ల దాక్కుంటే చాలని చూస్తున్నాను.”

“మంచి ఆలోచనేనండి. దాక్కోమనండి మరి.”

“అన్నానమ్మా. తొమ్మిది చోట్లకీ నేనే వెళ్లాను. డ్రమ్ములు ఖాళీ చేయించాను, బీరువాలు జరిపించాను. దాక్కోండర్రా అని చెప్పి, కళ్లు మూసుకుని, ఇరవై లెక్కపెట్టాను.” హైమావతి గొంతు తగ్గించింది. “కళ్లు తెరిచేసరికి అందరూ ఫోటోకు నిలబడినట్టు వరసలో నిలబడి నాకేసి చూస్తున్నారమ్మా. తొమ్మిది చోట్లా అంతే. ఒక్కళ్లు కూడా కదల్లేదు.”

మంగతాయారు కిటికీలోంచి చూసింది. పెరట్లో లోహిత బుగ్గల నిండా బురదతో టబ్బు చుట్టూ పరుగెడుతోంది.

“రేపు పొద్దున్నే వస్తానండి” అంది. “ముందు ఆ ఫోన్లు తీసి ఎక్కడన్నా పెట్టించండి.”